పాలమూరు నగరమైంది, మరి పోలీసు వ్యవస్థ? అమీన్ల కాలం నుంచి కమిషనరేట్ మాట దాకా

పాలకొండ వాసి:

సభ్యులకు నమస్కారం. 2025లో మన పాలమూరు, అంటే మహబూబ్‌నగర్, పురపాలక సంఘం నగరపాలక సంస్థ అయినప్పటి నుంచి మా వైపు నలుగురు కూర్చున్న చోటల్లా ఒకే మాట నడుస్తోంది. కార్పొరేషన్ వచ్చింది కనుక ఇక పోలీసు కమిషనరేట్ కూడా రావాలని, జిల్లా పోలీసు అధికారి అయిన ఎస్పీ కుర్చీలో కమిషనర్ కూర్చుంటే తప్ప ఈ ఊరికి సరైన కాపలా ఉండదని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. నేను ఇంకా ఎటూ తేల్చుకోలేదు. తేల్చుకోవాలంటే ముందు ఈ వ్యవస్థ ఎక్కడి నుంచి వచ్చిందో, లోపల ఎలా నడుస్తుందో తెలియాలి.

నాకు ఈ ఆలోచన ఎందుకు పుట్టిందో కూడా చెప్పాలి. పోయిన వానాకాలంలో మా పక్కింటివారి మోటారుసైకిల్ రాత్రికి రాత్రే పోయింది. తెల్లవారి ఆయనతో పాటు నేనూ ఠాణాకు వెళ్లాను. బండి నిలిపిన జాగా తమ హద్దులోకి రాదని, రోడ్డుకు అవతలి ఠాణాకు వెళ్లమని అక్కడ చెప్పారు. అవతలి ఠాణాలో అడిగితే ఆ వెంచర్ సర్వే నంబరు పాత గ్రామ పంచాయతీ కిందిదని, కనుక అది మొదటి ఠాణాకే చెందుతుందని అన్నారు. ఒకే దరఖాస్తును మూడుసార్లు రాశాక, మధ్యాహ్నం దాటిన తరువాత గానీ రసీదు చేతికి రాలేదు. ఎవరూ కసురుకోలేదు, ఎవరూ చేయి చాపలేదు. రెండు చోట్లా గోడ మీది మ్యాపును చూపించే మాట్లాడారు. ఆ మ్యాపులో మా కాలనీ ఉన్న చోట చెరువు శిఖం, జొన్న చేలు మాత్రమే ఉన్నాయి.

కమిషనరేట్ వస్తే ఆ మ్యాపు మారుతుందా? తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను. వ్యక్తుల పేర్లు, ఠాణాల పేర్లు పెట్టి నిందలు వేయవద్దని మనవి.

పాత బడిపంతులు:

పాలకొండ వాసి గారూ, మీ ప్రశ్న మన ప్రాంతంలో నూరేళ్ల కిందటిది. నగరానికి ఒక పోలీసు, జిల్లాకు ఒక పోలీసు అనే విభజన నిజాం రాజ్యంలోనే గట్టిపడింది, నేటికీ అదే గీత మీద మనం వాదించుకుంటున్నాము.

మొదటి సాలార్‌జంగ్ 1853లో నిజాం దివాన్, అంటే ప్రధానమంత్రి, అయ్యేనాటికి పల్లెల్లో శాంతిభద్రతలు అంటే శిస్తు గుత్తకు తీసుకున్న తాలూక్‌దారు పోషించే సిబ్బందే, వారిలో అరబ్బులు, రోహిల్లాలు ఎక్కువ. ఎవరు జీతమిస్తే వారి మాట వినే కత్తులవి. 1865లో జిలాబందీ అమలు చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టినప్పుడే శిస్తు వసూలు నుంచి పోలీసును వేరుచేసి సర్కారు జీతం కిందికి తెచ్చే పని మొదలైంది. జిల్లాకు పెద్ద పోలీసు అధికారి ముహతమీం, ఆయన కింద అమీన్లు, వారి కింద జమేదార్లు, జవాన్లు. మన ముసలివాళ్లు ఇప్పటికీ ఎస్సైని చూసి ‘అమీన్ సాబ్’ అంటారే, ఆ మాట అక్కడిదే. హైదరాబాద్ నగరానికి మాత్రం పోలీసు అధిపతి అయిన కొత్వాల్ వేరు. ఆయన జిల్లాల అధికారికి లోబడినవాడు కాదు.

చట్టాలు కూడా అలాగే రెండు పాయలుగా వచ్చాయి. జిల్లాలకు నిజాం కాలపు లెక్కలో 1329 ఫసలీ సంవత్సరంలో, అంటే సుమారు 1919-20లో, హైదరాబాద్ జిల్లా పోలీసు చట్టం వచ్చింది. నగరానికి 1348 ఫసలీలో, అంటే సుమారు 1938-39లో, హైదరాబాద్ నగర పోలీసు చట్టం వచ్చింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత కూడా ఇవి పోలేదు. కోస్తా జిల్లాలు 1859 నాటి మద్రాసు చట్టం కింద, మనం 1329 ఫసలీ చట్టం కింద ఉండిపోయాము. ఒకే రాష్ట్రంలో ఒకే రంగు యూనిఫాం వేసుకున్న రెండు జిల్లాల పోలీసులకు అధికారం రెండు వేరు చట్టాల నుంచి వచ్చేది.

మన పాలమూరుకు ఈ చరిత్రలో ఒక గొప్ప వాటా ఉంది. కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి 1869లో వనపర్తి సంస్థానంలోని ఊళ్లో పుట్టినవారు. రాయచూరు జిల్లా ముద్గల్‌లో అమీన్‌గా కొలువులో చేరి, మెట్టు మెట్టు ఎక్కి 1920లో హైదరాబాద్ కొత్వాల్ అయ్యారు, 1934 దాకా ఆ పదవిలో ఉన్నారు. జిల్లా ఠాణాను, నగర కొత్వాలీని రెండింటినీ లోపలి నుంచి ఎరిగిన మనిషి కనుకనే ఆయన పేరు నిలిచింది. నేడు మన రాష్ట్ర పోలీసు అకాడమీ ఆయన పేరు మీదే ఉంది. ప్రతి కొత్త ఎస్సై ఆ పేరున్న ద్వారం గుండానే లోపలికి వెళ్తాడు.

అయితే ఠాణా అనేది పైమెట్టు మాత్రమే. అసలు కళ్లు, చెవులు ఊళ్లో ఉండేవి. శిస్తుకు మాలీ పటేల్, లెక్కలకు పట్వారీ, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్. కొత్త మనిషి ఊళ్లో రాత్రి ఉన్నా, బావిలో శవం తేలినా, పశువు పోయినా పోలీస్ పటేల్ రెండు వాక్యాలు రాసి ఊరి కావలివాడైన సేత్‌సింధీ చేతికిచ్చేవాడు. మా చిన్నతనంలో మా ఊరి సేత్‌సింధీ ఆ కాగితాన్ని తలపాగా మడతలో పెట్టుకుని, వాన వస్తే తడవకుండా పైన తాటాకు అడ్డం పెట్టుకుని ఠాణాకు నడిచి వెళ్లడం నేను చూశాను. తిరిగి వచ్చి ‘ముట్టింది దొరా’ అని చెప్పేదాకా ఆ పూట అన్నం తినేవాడు కాదు. వెట్టి కింద నలిగిన మనిషి అతను. ఆ పద్ధతిలో ఎంత దౌర్జన్యం ఉండేదో నాకు తెలుసు, దానిని తిరిగి కోరుకునేవాణ్ణి కాను. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేయడం న్యాయమే. కానీ ఊరి సంగతి ఠాణాకు చేరే ఆ దారి మూసుకుపోయాక దాని స్థానంలో మరొకటి పూర్తిగా ఏర్పడలేదని నా అభిప్రాయం. ఏనుగొండ, బోయపల్లి, అప్పన్నపల్లి వంటి ఊళ్లు పట్టణంలో కలిసినప్పుడు ఆ లోటు వాటితో పాటే వచ్చింది.

మెట్టుగడ్డ వ్యాపారి:

పంతులు గారు చెప్పింది బాగుంది కానీ నా బాధ నేటిది. 2016లో కరీంనగర్, నిజామాబాద్, ఖమ్మం, రామగుండం, సిద్దిపేటలకు కమిషనరేట్లు ఇచ్చారు. వరంగల్‌కు అంతకు ముందే వచ్చింది. సిద్దిపేట మన ఊరికన్నా పెద్దదేమీ కాదు. దక్షిణ తెలంగాణలో మాత్రం మహబూబ్‌నగర్‌కు లేదు, నల్లగొండకు లేదు. రాచకొండ కమిషనరేట్ ఏర్పడినప్పుడు పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి వైపు ఊళ్లు దానిలో కలిశాయి తప్ప జిల్లా కేంద్రానికి ఒరిగింది లేదు. కమిషనరేట్ అంటే పెద్ద అధికారి, ఎక్కువమంది ఏసీపీలు (సహాయ కమిషనర్లు), వేరుగా ట్రాఫిక్ విభాగం, ఎక్కువ బండ్లు. సాయంత్రం ఆరు గంటలకు మా చౌరస్తాలో నిలబడితే ఎవరికైనా ఈ అవసరం అర్థమవుతుంది. ఒక కానిస్టేబుల్ ఎండకు ఎండి, నాలుగు దిక్కులా చేతులు ఊపుతూ ఉంటాడు. అతనిని చూసి నాకు జాలి వేస్తుంది, మా గిరాకీలను చూసినా జాలి వేస్తుంది.

నీలగిరి వకీలు:

నేను నల్లగొండ కోర్టులో ప్రాక్టీసు చేస్తాను. వ్యాపారి గారి కోరిక నాకు అర్థమవుతుంది. అయితే కమిషనరేట్ అంటే సిబ్బంది పెరగడం అనుకుంటే పొరపాటు. చట్టం దృష్టిలో కమిషనరేట్ అంటే ఒక అధికారం చేతులు మారడం. దీనిని కొంచెం విడమరచి చెప్పాలి.

జిల్లాలో ఎస్పీకి కేసు నమోదు చేయించే, దర్యాప్తు చేయించే, అరెస్టు చేయించే అధికారం ఉంది. కానీ నలుగురు గుమికూడరాదని నిషేధాజ్ఞ ఇవ్వడం, గొడవ చేస్తాడన్న అనుమానం ఉన్న మనిషి చేత మంచి నడవడికకు పూచీకత్తు రాయించుకోవడం వంటివి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ పనులు. పాతకాలంలో 144, 107, 110 సెక్షన్లు అనేవాళ్లం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అవి 163, 126, 129 అయ్యాయి. జిల్లాలో ఈ అధికారం కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్ల చేతిలో ఉంటుంది. ఎన్నికలకు ముందు రౌడీషీటర్లను తహసీల్దార్ కార్యాలయం వరండాలో వరుసగా కూర్చోబెట్టి ‘బైండోవర్’ చేయడం మీరంతా చూసే ఉంటారు. అక్కడ పోలీసు అడుగుతాడు, రెవెన్యూ అధికారి విని సంతకం పెడతాడు. కమిషనరేట్‌లో ఈ మెజిస్ట్రేట్ అధికారాలను సర్కారు కమిషనర్‌కే కట్టబెట్టవచ్చు. అప్పుడు అడిగేదీ, వినేదీ ఒకే శాఖ అవుతుంది. ఆయుధాల లైసెన్సు కూడా కలెక్టర్ బల్ల మీది నుంచి కమిషనర్ బల్ల మీదికి వెళ్తుంది.

దీనిలో మేలు లేదని నేను అనడం లేదు. గొడవ ముదిరే వేళ ఆజ్ఞ కోసం మరో కార్యాలయానికి పరిగెత్తవలసిన పని తప్పుతుంది, హైదరాబాద్ వంటి మహానగరానికి అది కావాలి. కానీ మధ్యలో ఉండే రెండవ కన్ను పోతుంది. నా కక్షిదారులలో చిన్న తగాదాకు బైండోవర్ అయిన కూలి మనిషి ఒకతను ఉన్నాడు. తహసీల్దార్ అతని మాట ఐదు నిమిషాలు విన్నారు కనుక పూచీకత్తు మొత్తం అతను కట్టగలిగినంతకు తగ్గింది. ఆ ఐదు నిమిషాల విలువ నాకు తెలుసు.

ఇక పాలకొండ వాసి గారి బండి విషయం. హద్దు మాది కాదని దరఖాస్తును తిప్పి పంపడానికి ఇప్పుడు చట్టంలో చోటు లేదు. సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు. వారు నమోదు చేసుకుని హద్దు ఉన్న ఠాణాకు పంపాలి, దానినే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నాము. ఎఫ్ఐఆర్ నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నమోదు చేయకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, ఆ తరువాత మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లవచ్చు. వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, అంటే కాగ్నిజబుల్ నేరం, కనబడితే ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లో లలితా కుమారి కేసులోనే తేల్చింది. దీనికి కమిషనరేట్ రావలసిన పని లేదు.

మెట్టుగడ్డ వ్యాపారి:

వకీలు గారూ, రెండవ కన్ను అని మీరన్నది నేను ఇంతవరకు ఆలోచించని కోణం. అయినా ఒక మాట. తహసీల్దార్ ప్రతిసారీ ఐదు నిమిషాలు వింటారా? ధాన్యం కొనుగోళ్లు, ధరణి పోర్టల్ పోయి వచ్చిన భూ రికార్డుల గోల, ఎన్నికల పని, ఇన్నిటి నడుమ పోలీసు తెచ్చిన కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టే రోజులే ఎక్కువ కదా.

నీలగిరి వకీలు:

నిజమే, అలాంటి రోజులు ఉన్నాయి, నేనూ చూశాను. కానీ సరిగా వాడని తాళాన్ని బాగుచేయించుకోవాలి గానీ తలుపు తీసి పారేయకూడదు కదా అని నా వాదన.

విశ్రాంత జమేదార్:

అందరికీ నమస్కారం. నేను సివిల్ కానిస్టేబుల్‌గా చేరి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైర్ అయిన మనిషిని. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండు జిల్లాల్లోనూ పనిచేశాను. చట్టం గురించి వకీలు గారు చెప్పారు, నేను ఠాణా లోపలి సంగతి చెబుతాను.

బయటివారికి పోలీసు అంటే ఒకటే. లోపల మూడు నాలుగు ఇళ్లు ఉంటాయి. సివిల్ అంటే ఠాణా పోలీసు. ఏఆర్ అంటే జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో ఉండే సాయుధ దళం, ఖైదీల ఎస్కార్టు, గార్డులు, గన్‌మెన్లు అంతా వారే. ఆ పైన రాష్ట్ర ప్రత్యేక పోలీసు బెటాలియన్లు ఉన్నాయి. మన వైపు బీచుపల్లిలో పదవది, నల్లగొండ దగ్గర అన్నెపర్తిలో పన్నెండవది. వారు ఎస్పీ కింద ఉండరు, రాష్ట్రం ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్తారు. రైల్వే స్టేషన్‌లో జేబు కొడితే అది రైల్వే పోలీసుల హద్దు, మెట్లు దిగి ఆటోల దగ్గర కొడితే మాది. ఇవి కాక సమాచారం సేకరించే స్పెషల్ బ్రాంచి, నేరాల దర్యాప్తుకు సీసీఎస్, వేలిముద్రలు, ఆధారాలు సేకరించే క్లూస్ టీం, ఆడవాళ్ల రక్షణకు షీ టీం, కంట్రోల్ రూం, వీరందరితో భుజం కలిపి పనిచేసే హోంగార్డులు. ఇంతమంది ఉన్నా, మీ వీధిలోకి రాత్రి రెండు గంటలకు వచ్చేది మాత్రం ఠాణా నుంచి వచ్చే ఇద్దరే.

పల్లె ఠాణాకు ఎస్సై స్టేషన్ హౌస్ ఆఫీసర్, నాలుగైదు ఠాణాల మీద సర్కిల్ ఇన్‌స్పెక్టర్, ఆ పైన డీఎస్పీ. పట్టణాల్లోని వన్ టౌన్, టూ టౌన్ వంటి ఠాణాలకు ఇన్‌స్పెక్టరే హౌస్ ఆఫీసర్. కమిషనరేట్ అయితే డీఎస్పీ ఏసీపీ అవుతారు, ఎస్పీ స్థానంలో కమిషనర్ వస్తారు, ఇన్‌స్పెక్టర్ ఇన్‌స్పెక్టరుగానే ఉంటారు, కానిస్టేబుల్ కానిస్టేబుల్‌గానే ఉంటాడు.

పొద్దున రోల్ కాల్ (హాజరు) వేళ ఏం జరుగుతుందో చెబితే మీకు విషయం అర్థమవుతుంది. కాగితం మీద ఉన్న బలంలో ఒకరు స్టేషన్ రైటర్, ఒకరు సెంట్రీ, ఒకరు రిసెప్షన్, ఒకరు కోర్టు డ్యూటీ, ఇద్దరు సమన్లు వారంట్లు పట్టుకుని బయటికి, ఒకరు శవ పంచనామా అయిన కేసులో ఆస్పత్రికి, ఇద్దరు సెలవు, ఒకరు ట్రైనింగ్. అప్పుడు బందోబస్తు మెసేజ్ వస్తుంది. మన్యంకొండ బ్రహ్మోత్సవాలో, కురుమూర్తి జాతరో, నల్లగొండ వైపైతే చెర్వుగట్టు జాతరో, లేక మంత్రి గారి పర్యటనో. మిగిలినవారిలో సగం అటు పోతారు. ఆ తరువాత బీటుకు ఎవరు మిగిలారో వారే మీ కాలనీకి పోలీసు.

బీటు అంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు కనుక రాస్తున్నాను. మా రోజుల్లో పట్టా బుక్ ఉండేది. బ్యాంకు గోడకో, గుడి మండపానికో, ఒంటరిగా ఉండే పెద్ద మనిషి ఇంటి గేటుకో ఒక చిన్న రేకు డబ్బా మేకులతో బిగించి, దానిలో పుస్తకం పెట్టేవాళ్లం. రాత్రి బీటు కానిస్టేబుల్ అక్కడికి వెళ్లి టైం వేసి సంతకం చేయాలి. తెల్లవారుజామున ఎస్సై లేదా సీఐ గస్తీకి వచ్చి మన సంతకం కింద వారి సంతకం చేసేవారు. వానాకాలంలో సిరా కరిగిపోతుందని నేను పెన్సిల్ వాడేవాణ్ణి. టార్చి పంటి కింద పెట్టుకుని ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో పెన్సిల్. నా టార్చికి ఒక వైపు పళ్ల గాట్లు ఉండేవి. ఇప్పుడు ఫోన్‌లో నమోదు చేసే పద్ధతి వచ్చింది, మంచిదే. కానీ ఆ డబ్బా దగ్గరికి నడిచి వెళ్లడం వల్ల దారిలో ఏ ఇంట్లో కుక్క అరుస్తుందో, ఏ ఇంటికి తాళం ఉందో, ఏ అరుగు మీద కొత్త మనిషి పడుకున్నాడో మాకు ముఖపరిచయంగా ఉండేది.

పాలకొండ వాసి గారు చూసిన మ్యాపు సంగతి అబద్ధం కాదు. ఠాణా హద్దు సర్కారు నోటిఫికేషన్‌తో వస్తుంది, గ్రామం పేరు మీద వస్తుంది. మున్సిపాలిటీ వార్డులు తిరిగి గీసుకుంటుంది, విద్యుత్తు వారు సెక్షన్లు మార్చుకుంటారు, ఠాణా హద్దు మాత్రం పాత రెవెన్యూ గ్రామం పొలిమేర మీదే ఉంటుంది. ఆ పొలిమేర మీదుగా ఇప్పుడు ఎనభై అడుగుల రోడ్డు, దానికి రెండు పక్కలా అపార్టుమెంట్లు. దివిటిపల్లి, జైనల్లీపూర్ నగరంలోకి వచ్చాక ఇది మరీ పెరుగుతుంది. వకీలు గారు చెప్పిన జీరో ఎఫ్ఐఆర్ ఆ రోజు కష్టం తీరుస్తుంది. కానీ ఆ వీధి ఏ బీటులో ఉందో తేలకపోతే రాత్రి అక్కడికి ఎవరూ రారు. నా దృష్టిలో అసలు జబ్బు అక్కడ ఉంది.

పానగల్లు చెరువు కట్ట:

నల్లగొండ నుంచి ఒక మాట కలుపుతాను. మా దగ్గర ఠాణా అంటే పెద్దవాళ్లకు ఇప్పటికీ ఒక రకమైన జంకు ఉంది, దానికి కారణం చరిత్రలో ఉంది. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటానికి అప్పటి నల్లగొండ జిల్లా గుండెకాయ వంటిది. అప్పుడు జనగామ తాలూకా మా జిల్లాలోనే ఉండేది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దొరల గూండాల తుపాకికి నేలకొరిగిన తరువాత ఊరూరా నిజాం పోలీసు క్యాంపులు, రజాకార్ల దాడులు. మునగాల పరగణా మాత్రం కృష్ణా జిల్లా కింద బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉండేది కనుక నిజాం పోలీసు ఆ పొలిమేర దాటి రాలేకపోయేవాడు, ఉద్యమకారులు అక్కడ తలదాచుకునేవారు. జమేదార్ గారు చెప్పిన హద్దుల కథ మాకు అప్పటి నుంచే తెలుసు.

1948 సెప్టెంబరు 13 నుంచి ఐదు రోజులు జరిగిన దానిని అందరూ ‘పోలీస్ యాక్షన్’ అంటారు, వచ్చింది మాత్రం సైన్యం. ఆ తరువాత పేరు మారింది, టోపీ మారింది, క్యాంపులు 1951 దాకా పోలేదు. మా నాయనమ్మ ఖాకీ చొక్కా కనబడితే కొంగు తలమీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయేది, అది 1990లలో కూడా మానలేదు. అలాంటి ప్రాంతంలో పోలీసుకు మరిన్ని అధికారాలు కావాలా అని అడిగితే నా జవాబు వకీలు గారి వైపే మొగ్గుతుంది.

విశ్రాంత జమేదార్:

చెరువు కట్ట గారి నాయనమ్మ భయం నాకు తెలుసు, ఆమెది తప్పు కాదు. అయితే భయం రెండు వైపులా ఉండిన కాలం కూడా ఒకటి ఉంది. 1993లో సోమశిల దగ్గర నక్సలైట్ల మందుపాతర పేలి అప్పటి మహబూబ్‌నగర్ ఎస్పీ పరదేశి నాయుడు గారు, ఆయనతో పాటు మరికొందరు పోలీసులు చనిపోయారు. ఆ తరువాత నల్లమల అంచు ఠాణాలకు ఇసుక మూటలు, ఎత్తైన ప్రహరీ, పైన సెంట్రీ మోర్చా వచ్చాయి. దరఖాస్తు పట్టుకుని వచ్చిన రైతును కూడా గేటు దగ్గరే ఆపి, చేతులు ఎత్తించి తడిమి చూసి లోపలికి పంపేవాళ్లం. ఏం చేయమంటారు, మాకూ పిల్లలు ఉన్నారు. ఆ గోడలు కొన్ని చోట్ల ఇంకా అలాగే ఉన్నాయి. పట్టణాల్లో రిసెప్షన్ పెట్టి, కుర్చీ వేసి, నీళ్లు ఇచ్చే పద్ధతి తెచ్చాక మార్పు కనబడుతోంది, దానిని కూడా చెప్పుకోవాలి.

కానిస్టేబుల్ తల్లి:

మా అమ్మాయి పొరుగు జిల్లాలో సివిల్ కానిస్టేబుల్. నేను చదువుకున్నది తక్కువ, తప్పులుంటే మన్నించాలి. ఆడపిల్లలకు ఈ కొలువులో 33 శాతం కేటాయింపు వచ్చినందువల్లే మా ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం వచ్చింది. రాత్రి ఆపదలో ఉన్న ఆడపిల్ల ఫోను చేస్తే మా అమ్మాయి వెళ్తుందని తెలిసినప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

కానీ జాతర బందోబస్తుకు పంపినప్పుడు పన్నెండు, పద్నాలుగు గంటలు రోడ్డు మీద నిలబడి, బాత్‌రూం లేక నీళ్లు తాగకుండా ఉంటుంది. ఇంటికి వచ్చి బూట్లు విప్పితే పాదాలు ఉబ్బి సాక్సు గీతలు లోపలికి దిగి ఉంటాయి. వేడినీళ్లలో ఉప్పు వేసి నేను కాళ్లు పెట్టించేదాన్ని. కమిషనర్ వస్తారా, ఎస్పీ ఉంటారా అన్నది నాకు తెలియదు. మూడు షిఫ్టులు పెట్టి, వారానికి ఒక సెలవు ఖాయంగా ఇచ్చి, బందోబస్తు జాగాలో ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి బండి పెడితే చాలు. అలసిపోయిన మనిషి ఎదుటివారితో మెత్తగా ఎలా మాట్లాడుతుంది?

మెట్టుగడ్డ వ్యాపారి:

అమ్మా, మీరు రాసింది చదివాక మా చౌరస్తా కానిస్టేబుల్‌కు ఎండలో నిలబడే చోట గొడుగు, నీళ్ల క్యాను మా దుకాణాల సంఘం తరఫున ఏర్పాటు చేయాలని నిర్ణయించుకున్నాము. అయినా నా వాదన నేను వదలను. కమిషనరేట్ వస్తేనే సర్కారు కొత్త పోస్టులు మంజూరు చేస్తుంది. పోస్టులు రాకుండా మూడు షిఫ్టులు ఎక్కడి నుంచి వస్తాయి?

పాత బడిపంతులు:

వ్యాపారి గారి ప్రశ్నలో న్యాయం ఉంది, దానిని తోసిపుచ్చకూడదు. పెద్ద పేరు వెంట నిధులు వస్తాయన్నది మనం చాలాసార్లు చూసిన సంగతే. అయితే 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టినప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాలలకు ఎస్పీ కార్యాలయాలు వచ్చాయి, 2019లో నారాయణపేటకు కూడా వచ్చింది. అటు నల్లగొండ కూడా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి అని మూడుగా చీలింది. కార్యాలయాలు పెరిగినప్పుడు ముందు నిండేది పై కుర్చీలే. ఉన్న కానిస్టేబుళ్లే కొత్త బోర్డుల కింద పంచబడ్డారు. నియామకాలు తరువాత నెమ్మదిగా జరిగాయి. కనుక పేరు అడిగేటప్పుడు దానితో పాటు కింది పోస్టుల లెక్కను కూడా అదే కాగితం మీద అడగాలి.

నీలగిరి వకీలు:

పంతులు గారి మాటకు ఒక చట్టపు కొనసాగింపు. 2006లో ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు కొన్ని ఆదేశాలు ఇచ్చింది. ఎస్పీకి, ఠాణా హౌస్ ఆఫీసర్‌కు కనీసం రెండేళ్ల పదవీకాలం ఉండాలని, శాంతిభద్రతల పనిని, నేర దర్యాప్తును వేరు చేయాలని, అది కూడా పెద్ద పట్టణాలతో మొదలుపెట్టాలని చెప్పింది. పాలమూరు వంటి ఊరికి సరిగ్గా కావలసింది ఇదే. జాతర బందోబస్తుకు వెళ్లిన ఎస్సై చేతిలోనే దొంగతనం కేసు డైరీ కూడా ఉంటే ఆ ఫైలు కదలదు. కోర్టులో సాక్షి వచ్చి కూర్చుంటాడు, దర్యాప్తు అధికారి బందోబస్తులో ఉన్నారని వాయిదా అడుగుతారు. నెలకు ఎన్నిసార్లు ఈ మాట వింటానో చెప్పలేను.

పాలకొండ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. నేను నిన్న సాయంత్రం మా కాలనీ కుర్రవాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని, పాత పొలిమేర రాయి దగ్గరి నుంచి కొత్త రోడ్డు చివర దాకా నడిచి ఒక నక్షా గీశాను. రోడ్డుకు ఎడమవైపు తొమ్మిది వీధులు, కుడివైపు ఆరు. ఆ పదిహేను వీధులలో ఏది ఏ ఠాణాదో ఇంటింటికీ అడిగాను. నాలుగు వీధులవాళ్లు రెండు ఠాణాల పేర్లూ చెప్పారు, రెండు వీధులవాళ్లు తెలియదన్నారు. చివరి వీధిలో ఒక ముసలాయన తన ఇంటి గేటు పక్కన తుప్పు పట్టిన చిన్న రేకు డబ్బా చూపించి, దీనిలో ఒకప్పుడు పుస్తకం ఉండేదని చెప్పాడు. జమేదార్ గారూ, అది మీరు చెప్పిన డబ్బాయే అనుకుంటాను. ఖాళీగా ఉంది. ఈ నక్షాతో ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏమని రాయాలి?

విశ్రాంత జమేదార్:

ఆ డబ్బా ఉందంటే ఆ వీధి ఒకప్పుడు బీటులో ఉండేదన్నమాట, అది మీ చేతిలో ఉన్న మంచి సాక్ష్యం. దాని ఫోటో తీసి నక్షాకు జతపరచండి. దరఖాస్తు ఎస్పీ గారి పేరు మీద రాయండి, నకళ్లు డీఎస్పీకి, రెండు ఠాణాల ఇన్‌స్పెక్టర్లకు ఇవ్వండి. నగరపాలక సంస్థ నుంచి మీ వార్డు హద్దుల ఉత్తర్వు నకలు తీసుకుని దానితో కలపండి. రెండు కోరికలు వేరువేరుగా రాయాలి. మొదటిది, హద్దు సవరణకు సర్కారుకు ప్రతిపాదన పంపమని. దానికి నోటిఫికేషన్ కావాలి కనుక నెలలు పడుతుంది. రెండవది, అది వచ్చేదాకా ఆ పదిహేను వీధులను ఏదో ఒక ఠాణా రాత్రి బీటులో చేర్చమని. దీనికి ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు, ఎస్పీ గారి ఒక మెమో చాలు, అదే వారంలో కావచ్చు. సోమవారం, అర్జీలు తీసుకునే ప్రజావాణి రోజున పొద్దున్నే వెళ్లండి, రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి. డబ్బాను మాత్రం పీకి పారేయవద్దని ఆ ముసలాయనకు చెప్పండి.

పాలకొండ వాసి:

సోమవారం వెళ్తున్నాము. పక్కింటాయన కూడా వస్తున్నారు. తాళం పెట్టుకోవడానికి వీలుగా ముసలాయన డబ్బాకు కొత్త గొళ్లెం వేయించాడు.